పొగ పైకి పోని రోజు

పెళ్లికి ముందు నేను ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కి వెళ్లి, సాయంత్రం మళ్లీ అదే రైల్లో తిరిగొచ్చేదాన్ని. వాతావరణం పాఠం వచ్చిందంటే నాకు మహా సరదా. బోర్డు మీద పెద్ద కొండ గీసి, కింద చొక్కా మనిషినీ, మధ్యలో స్వెట్టరు మనిషినీ, శిఖరం మీద గజగజ వణికే మనిషినీ గీసేదాన్ని. "పైకి పోయేకొద్దీ చలి. కిలోమీటరుకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది" అని పిల్లల చేత పాటలా అనిపించేదాన్ని. ఆ మాట మీద నాకెంత గురి అంటే, ద్వారకా తిరుమల కొండ ఎక్కినా పైన చల్లగా ఉన్నట్టే ఉండేది. ఆ కొండ ఎత్తుకి అంత తేడా ఏమీ ఉండదు.

ఆ పాఠం తప్పని ఇప్పుడూ అనను. కానీ మా మావయ్యగారి ప్రాణం దక్కింది మాత్రం ఆ పాఠం తలకిందులైన ఒక తెల్లవారుజామున.

నన్నిచ్చిన ఊరు ముదినేపల్లికి దగ్గర. ఒక పక్క వరి చేలు, ఇంకో పక్క కొల్లేటి దాకా చేపల చెరువులు. ఎటు చూసినా నేల బల్లపరుపుగా ఉంటుంది. ఊరి చివర గట్టు మీద నించుంటే పక్క ఊరి కొబ్బరిచెట్లు కనపడతాయి. మా ఇంట్లో మావయ్యగారు, అత్తయ్యగారు, మా ఆయన, నేను. మావయ్యగారికి డెబ్బై దాటాయి. వ్యవసాయం అంతా మా ఆయనే చూస్తున్నా, చేలో ఏం జరగాలన్నా చివరి మాట ఆయనదే. చాన్నాళ్లుగా ఆయాసం ఉంది. చలికాలం వస్తే జేబులో ఇన్‌హేలర్ ఉండాల్సిందే. అయినా పొద్దున్నే తలపాగా చుట్టుకుని చేను చూసి రాకపోతే ఆయనకి కాఫీ సయించదు.

ఆ ఏడు సార్వా, అంటే తొలి పంట వరి, కోతలు ఆలస్యమయ్యాయి. మిషనుతో కోయించాం. మిషను కోసిన చేలో గడ్డి ఎక్కడికక్కడ చెల్లాచెదురుగా పడిపోతుంది. దాన్ని పోగుచేయడానికి కూలీలు దొరకరు, రెండో పంట దాళ్వాకి కాలవ నీళ్లొదిలే రోజులు దగ్గర పడుతున్నాయి. ఊళ్లో అందరూ చేసేదే మావయ్యగారూ చెయ్యమన్నారు. ఆ సాయంత్రం ఆయనే గట్టు మీద నించుని, మా ఆయన చేత నాలుగు మూలలా నిప్పు పెట్టించారు. మాతోబాటు ఆ కాలవ కింద ఉన్న చేలు చాలావరకు ఆ సాయంత్రమే అంటించారు. నేను పెరట్లోంచి చూశాను. పొగ నిలువుగా, దర్జాగా పైకి పోతోంది. మావయ్యగారు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "గాలి లేదమ్మాయ్. పొగ పైకి పోతోంది, ఊళ్లోకి రాదు. మంచిదైంది" అన్నారు.

తెల్లారకుండానే అత్తయ్యగారు మా తలుపు బాదారు.

"ఒరేయ్, లేవరా! మీ నాన్నకి ఊపిరాడట్లేదు!"

తలుపు తీసేసరికి నా కళ్లు భగ్గుమన్నాయి. హాల్లో ట్యూబులైటు వెలుగుతోంది గానీ, దాని చుట్టూ బూడిద రంగు తెర ఉంది. కిటికీలు అన్నీ వేసే ఉన్నాయి. అయినా తలుపుల సందుల్లోంచి పొగ లోపలికి వచ్చేసింది. మావయ్యగారు మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, చేప నోరు తెరిచినట్టు నోరు తెరుస్తున్నారు. ఛాతీలోంచి ఈల లాంటి చప్పుడు. పెదాలు నీలం రంగుకి తిరిగాయి. ఇన్‌హేలర్ కొట్టాం. నెబ్యులైజర్ పెట్టాం. మిషను బుర్రుమంటూ మందుతోబాటు ఆ గదిలో పొగనే మళ్లీ ఆయన ముక్కులోకి తోస్తోంది. ఆయన మాస్కు లాగి పడేశారు.

కారులో ఏలూరు తీసుకుపోదామని మా ఆయన వీధిలోకి వెళ్లి, వెంటనే తిరిగొచ్చేశాడు.

"గేటు కూడా కనపడట్లేదే! చెయ్యి చాపితే చెయ్యి కనపడట్లేదు. చెరువుల మధ్య రోడ్డు అది, ఎటు పోయి ఎందులో పడతామో!"

నేను అంబులెన్సుకి ఫోన్ చేశాను. వాళ్లు బయల్దేరారు గానీ, కాసేపటికి డ్రైవరే తిరిగి ఫోన్ చేశాడు. "రోడ్డు అంచు కనపడట్లేదు మేడం. మావాడు దిగి ముందు నడుస్తుంటే వెనకాల పోనిస్తున్నానండి. మీ ఊరి మలుపు ఎక్కడో చెప్పండి, కాస్త లైటేమైనా చూపించగలరా?"

మా పక్కింటాయన చేపల చెరువుల మీద పైకొచ్చిన మనిషి. మూడంతస్తుల మేడ కట్టాడు. మా ఊళ్లో అంత ఎత్తు ఇల్లు ఇంకోటి లేదు. దాని మీద నుంచి చూస్తే అంబులెన్సు దీపం ఎటు పక్క ఉందో తెలుస్తుందని నాకు తోచింది. గోడ పట్టుకుని తడుముకుంటూ వెళ్లి వాళ్ల తలుపు కొట్టాను. వాళ్లూ లేచే ఉన్నారు, దగ్గుతున్నారు. సంగతి చెప్పి, టార్చి పట్టుకుని మెట్లెక్కాను.

మొదటి అంతస్తులో కళ్లు మంట. రెండో అంతస్తులో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా గొంతు పట్టేసింది. మూడో అంతస్తు దాటి మేడ మీది తలుపు గడియ తీశాను. చలికి సిద్ధపడి కొంగు తల మీదుగా చుట్టుకుని అడుగు బయట పెట్టాను.

గాలి వెచ్చగా తగిలింది.

వేడి కాదు. పొద్దున్నే ఇంకా నిద్రలో ఉన్న పిల్లవాడి ఒంటికి చెయ్యి తగిలితే ఎలా ఉంటుందో అలా. పొగ లేదు. మంచు లేదు. తలెత్తితే వేగుచుక్క కడిగినట్టుంది. తూర్పున ఆకాశం ఎర్రబడుతోంది. పిట్టగోడ దాకా వెళ్లి కిందికి చూశాను.

ఊరు లేదు. నా కాళ్ల కింద, పిట్టగోడకి మనిషెత్తు కింద నుంచి, కనుచూపు మేర తెల్లగా, చదునుగా, తోడుకున్న పెరుగులా పొగ. అందులోంచి కొబ్బరి తలలు, సెల్ టవరు, గుడి మీది కలశం పొడుచుకొచ్చి కనపడుతున్నాయి. కింద గుళ్లో ధనుర్మాసం మైకు మోగుతోంది. పాట పొగ అడుగు నుంచి వస్తోంది. ఎవరింట్లోనో నీళ్ల పొయ్యి అంటించినట్టున్నారు, ఒకచోట పొగ నిలువుగా పైకి లేచింది. ఆ తెల్లటి పరుపు పైకి కాస్త తల ఎత్తింది. అంతే. ఎవరో అరచేత్తో అదిమినట్టు ఆగి, పక్కలకి పరుచుకుని, మళ్లీ అందులోనే కలిసిపోయింది.

నాకు సంతోషం కలగలేదు. రోజూ నేను నీళ్లు తోడుకునే, బట్టలు ఆరేసుకునే ఊరి మీద ఎవరో మూత పెట్టేశారు. ఆ మూత కింద మా వాళ్లు ఊపిరాడక కొట్టుకుంటున్నారు. దాని మీద నేను చక్కగా గాలి పీలుస్తున్నాను. మధ్య దూరం యాభై అరవై మెట్లు.

అంబులెన్సు దీపం ఎక్కడా లేదు. ఆ సంగతే మర్చిపోయి కిందికి పరిగెత్తాను.

"ఏవండీ, మావయ్యగారిని పక్కింటి మేడ మీదికి తీసుకెళ్దాం, పట్టండి!"

మా ఆయన నన్ను వింతగా చూశాడు. అత్తయ్యగారు లేచి నించున్నారు.

"ఆయాసం మనిషిని ఈ చలిలో మేడ ఎక్కిస్తావా? పైన మంచు కురుస్తూ ఉంటే!"

"పైన మంచు లేదత్తయ్యా. పొగ కూడా లేదు. పైన వెచ్చగా ఉంది."

"కింద ఇంత చలిగా ఉంటే పైన వెచ్చగా ఎలా ఉంటుందే?" అన్నాడు మా ఆయన.

"నాకు తెలీదండీ. ఉంది. నేను చూసి వచ్చాను."

"ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్తారమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు.

అప్పుడు మావయ్యగారు వంచిన తల ఎత్తకుండానే, మోకాలి మీది చెయ్యి తీసి, చూపుడు వేలు పైకి చూపించారు. ఇంకోసారి చూపించారు. మాట్లాడే ఊపిరి ఆయనకి లేదు.

పక్కింటాయన, మా ఆయన కలిసి ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. నేను టార్చి పట్టుకుని ముందు, అత్తయ్యగారు దుప్పట్లు పట్టుకుని వెనక. రెండో అంతస్తు మలుపులో ఆయన తల ఒక పక్కకి వాలిపోయింది. "ఇక ఆపండి, దింపండి!" అని అత్తయ్యగారు ఏడ్చేశారు. "ఇంకొక్క వరసే పిన్నిగారూ" అని పక్కింటాయన ఆగకుండా ఎక్కేశాడు. ఆ ఒక్క వరస మెట్లు ఎక్కుతున్నప్పుడు నేను ఏం చేస్తున్నానో నాకే భయం వేసింది.

మేడ మీద కుర్చీ దించారు. నేను ఇన్‌హేలర్ ఆయన నోటికి పెట్టాను. ఒకసారి లోపలికి పోలేదు. రెండోసారి కొంచెం పోయింది. అద్భుతమేమీ జరగలేదు. ఆయన అలాగే ముందుకు వంగి కొట్టుకున్నారు. మేమందరం కుర్చీ చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నాం. తూర్పున ఎరుపు పసుపయ్యేసరికి ఈల చప్పుడు కాస్త సన్నబడింది. తర్వాత ఒక ఊపిరి మధ్యలో తెగకుండా పూర్తిగా లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఇంకోటి. అత్తయ్యగారు ఆయన మీద కప్పిన దుప్పటి సర్దబోయి, ఆగి, తన చెయ్యి గాల్లో చాచి చూసుకున్నారు.

"ఇదేంటమ్మా ఇది" అన్నారు చిన్నగా. "నిజంగానే వెచ్చగా ఉంది."

మావయ్యగారు మొదటిసారి తలెత్తి చూశారు. ఊరి స్థానంలో ఉన్న ఆ తెల్లటి మడుగుని చూశారు. మడుగుకి అవతల చేల వైపు చూశారు. ఆయన ముఖంలో అప్పుడు కనిపించింది ఆయాసం కాదు. ఇంట్లో దొంగ పడ్డాడని లేచి చూస్తే ఆ దొంగ తనకి తెలిసినవాడైనప్పుడు మనిషి అలా చూస్తాడు.

అప్పుడే కింద పెద్ద చప్పుడైంది.

ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు. దాని వెనకాలే పాల క్యాన్లు రోడ్డు మీద దొర్లిన మోత. తర్వాత, "అమ్మోయ్! ఓలమ్మోయ్!" అని ఒక మగగొంతు. అందరం పిట్టగోడ దగ్గరికి పరిగెత్తాం. ఏమీ కనపడలేదు. పొగ కనీసం కదలలేదు. ఎండ మా ముఖాల మీద పడుతోంది, కింద ఆ తెల్లటి పరుపు అడుగున మనిషి అరుస్తున్నాడు. ఎటు పక్కనుంచో కూడా తెలియట్లేదు. అంత దగ్గరగా మనిషి అరుపు విని, అతన్ని చూడలేకపోవడం నాకు అదే మొదటిసారి.

మా ఆయన, పక్కింటాయన కిందికి పరిగెత్తారు.

"ఎవర్రా అది?" అన్నారు మావయ్యగారు. ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. మళ్లీ అరుపు వినపడింది. ఆయనే గుర్తుపట్టారు. "మన పాలతను."

అతను మా ఇంటితోబాటు ఊళ్లో చాలా ఇళ్లకి పాలు పోస్తాడు. నాలుగు గేదెలున్నాయి. రోజూలాగే తెల్లారకుండా మోపెడ్ మీద క్యాన్లు కట్టుకుని బయల్దేరి, రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రాక్టరు తొట్టిని వెనక నుంచి గుద్దేశాడు. ట్రాక్టరతను కూడా దారి కనపడకే ఆపుకున్నాడు. పాలతనికి కుడికాలు మోకాలి కింద విరిగిపోయింది.

ఎండ ఎక్కేకొద్దీ ఆ మూత సడలింది. మొదట పైభాగం ఉడుకుతున్నట్టు కదిలింది, తర్వాత ముక్కలు ముక్కలైంది. ఆ ముక్కల మధ్య నుంచి ఇళ్ల కప్పులు, వీధి, చివరికి రోడ్డు మీద ఒలికిన పాలు కనపడ్డాయి. పొగంతా ఒక్కసారిగా పైకి లేచి ఎటో పోయింది. అంబులెన్సు అప్పుడు వచ్చింది. వచ్చింది ఒక్కటే. పాలతన్ని స్ట్రెచరు మీద పడుకోబెట్టారు, మావయ్యగారికి ఆక్సిజన్ పెట్టి ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టారు. ఇద్దరి మధ్యా నేను.

కొల్లేటి చెరువుల మధ్య రోడ్డు మీద వెళ్తుంటే మావయ్యగారు మాస్కు కాస్త పక్కకి జరిపారు.

"నిన్న సాయంత్రం మా చేను అంటించాం రా అబ్బాయ్. ఆ పొగే ఇది" అన్నారు.

పాలతను నొప్పికి పళ్లు బిగపట్టుకునే ఉన్నాడు. "ఒక్క మీ చేనేనా అండీ, కాలవ కిందంతా అంటించారు కదండీ" అన్నాడు. మళ్లీ తనే, "పాలన్నీ పోయాయండీ ఇవాళ. మీ ఇంటికి కూడా లేవు" అన్నాడు. మావయ్యగారు మాస్కు మళ్లీ పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు గానీ నిద్రపోలేదు.

ఏలూరు ఆసుపత్రిలో ఆయన్ని కొన్నాళ్లు ఉంచారు. ఇంకాసేపు ఆ పొగలోనే ఉండుంటే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నాతోబాటు పనిచేసిన సైన్స్ టీచరుగారు సంగతి తెలిసి చూడ్డానికి వచ్చింది. నేను ఆవిణ్ణి పలకరించకుండానే అడిగేశాను. "పైకి పోయేకొద్దీ చలి అని కదండీ మనం చెప్పింది. మరి మూడో అంతస్తు మీద వెచ్చగా ఎందుకుందండీ?"

ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పింది. పగలు ఎండ ముందు నేలని కాలుస్తుంది, నేల తనని ఆనుకున్న గాలిని వేడెక్కిస్తుంది, అందుకే కిందే వేడి, పైకి పోతే చలి. కానీ గాలి వీచని చలికాలపు రాత్రి, మబ్బు లేకపోతే, నేల తన వేడంతా ఆకాశంలోకి వదిలేసుకుంటుంది. నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి అక్కడే పడుకుంటుంది. పైనున్న గాలి ఇంకా పగటి వెచ్చదనంతోనే ఉంటుంది. అదే మూత. పొగ వేడిగా ఉన్నంతసేపు లేస్తుంది, చల్లారాక ఆ వెచ్చటి పొరని దాటలేక ఆగిపోతుంది.

"దీనికి పేరు కూడా ఉందండీ, ఉష్ణోగ్రతా విలోమం అంటారు" అంది.

"అయితే ఇంకా పైకి పోతే?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ అప్పటిదాకా కమలాపండు వొలుస్తూ వింటున్నారు.

"ఇంకా పైకి పోతే మళ్లీ చలేనండీ. పోను పోను ఎక్కువవుతుంది. మీ ఊరి నుంచి గుడివాడ ఎంత దూరమో, ఇంచుమించు అంత ఎత్తులో, నీళ్లు గడ్డకట్టే చలి కన్నా ఎనభై డిగ్రీలు కిందికి ఉంటుంది."

"గుడివాడ అంత దూరంలోనా?" అత్తయ్యగారి చేతిలో పండు అలాగే ఉండిపోయింది. "బస్సెక్కితే టిక్కెట్టు తీసేలోపు వచ్చేస్తుంది కదమ్మా! ఎండాకాలం మనం ఉడికిపోతుంటే కూడా మన నెత్తి మీద అదేనా?"

"అప్పుడూ అంతేనండీ. దాని పైన మళ్లీ నెమ్మదిగా వేడెక్కుతుంది."

అత్తయ్యగారు వార్డు కప్పు వైపు చూశారు. చాలాసేపు చూశారు. "ఇన్ని అరలున్నాయా పైన" అన్నారు చివరికి. "మనకేం తెలుసు, ఆకాశం అంటే ఒకటే అనుకున్నాం."

ఆ సాయంత్రం మావయ్యగారు నర్సు వద్దంటున్నా లేచి, నా భుజం పట్టుకుని, కింది అంతస్తులో పాలతన్ని చూడ్డానికి వెళ్లారు. అతని కాలికి కట్టు కట్టి పైకి వేలాడదీశారు. అతని భార్య లేచి మాకు కుర్చీ ఇచ్చింది. ఇద్దరు మగాళ్లూ గేదెల గురించే మాట్లాడుకున్నారు. ఎవరు పితుకుతున్నారు, మేత ఎవరు వేస్తున్నారు అని. "మేతే కష్టంగా ఉందండీ, గడ్డి దొరకట్లేదు" అంది ఆవిడ. ఆ మాటకి మావయ్యగారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చేలో కాలిపోయిన గడ్డి గుర్తొచ్చిందని నాకు అర్థమైంది. ఆవిడ మాత్రం ఏ ఉద్దేశంతోనూ అనలేదు.

మరుసటి కోతకి మావయ్యగారు నిప్పు పెట్టనివ్వలేదు. గడ్డిని చుట్టలు చుట్టే మిషను కోసం మా ఆయన్ని రోజూ సతాయించి, అది వచ్చేదాకా దుక్కి ఆపించారు. దాళ్వా నాట్లు ఆలస్యమైపోతున్నాయని తండ్రీకొడుకులకి మాటామాటా పెరిగింది కూడా. చుట్టలన్నీ పాలతని దొడ్లోకి వెళ్లాయి. ఊళ్లో మిగిలినవాళ్లు మామూలుగానే అంటించారు. ఇద్దరు ముగ్గురితో మావయ్యగారు మాట్లాడి చూశారు. "పొగ పైకి పోతుంది కదండీ" అన్నారు వాళ్లు. మేడ మీద తను చూసింది వాళ్లకి ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. నాకూ తెలియలేదు. టీచరు పని చేసినదాన్ని, ఎంత చెప్పినా వాళ్లు మర్యాదగా తలూపి వెళ్లిపోయారు.

పాలతను ఇప్పుడు కొంచెం కుంటుతూ నడుస్తాడు. చివరి చుట్ట ట్రాక్టరు మీద వేసుకున్న రోజు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. ప్రమాదం గురించి అతను ఎప్పుడూ ఎత్తడు. ఆ రోజు మాత్రం, గ్లాసు పక్కన పెట్టి అడిగాడు.

"అయ్యగారూ, మీరు పైనుంచి చూశారంట కదండీ. ఎంత ఎత్తు ఉందండీ ఆ రోజు పొగ? కింద నుంచి చూస్తే ఆకాశం దాకా అదే ఉన్నట్టుందండీ."

మావయ్యగారు పక్కింటి మేడ వైపు చెయ్యెత్తి, పిట్టగోడ కింద ఒకచోట చూపించారు.

"అదిగో, అక్కడిదాకా."

పాలతను చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూశాడు. ఇంకోసారి చూశాడు.

"అంతేనా అండీ?" అన్నాడు.